దుప్పట్లు కప్పిన వంటగది

2007 ఫిబ్రవరి 9, శుక్రవారం

ఈ డైరీ దాణా కొట్టువాళ్లు క్రిస్మస్‌కి ఇచ్చింది. ఏటా మా ఆయన ఆలన్ రాసుకుంటాడు, ఏ గొర్రె ఎప్పుడు ఈనిందీ, మంచు ఎప్పుడు కరిగిందీ. ఈసారి రెండు ఇచ్చారు. రెండోది నా ముందు పడేసి, నువ్వూ ఏదో ఒకటి గీకు, అన్నాడు. మొదటి పేజీలో పేరూ పనీ రాయడానికి గీతలున్నాయి. రాశాను. డోరీన్ హెబ్డన్. థార్న్‌బెక్ సెకండరీ స్కూలు, వంట. ముప్ఫై ఒకటో ఏడు.

ఉదయం హెడ్ మిస్టర్ పికార్డ్ అందర్నీ హాల్లోకి పిలిచాడు. వంటగది వాళ్లని కూడా. కౌంటీ ఐదు సెకండరీ స్కూళ్లను పడగొట్టి కొత్తవి కడుతోందట. అందులో మనది రెండోదట. జాగ్రఫీ మాస్టారు, కొత్తదానికి పైకప్పు ఉంటుందా అని అడిగాడు. అప్పుడు నవ్వారు. పోయిన వారం ఆయన క్లాసులో పిల్లలు కోట్లు విప్పకుండా బకెట్ల మధ్య కూర్చున్నారు.

పక్క లోయ వాళ్లకి రాలేదు. మాకొచ్చింది. దారి పొడుగునా అదే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

భోజనాలయ్యాక సెలవుల శుభ్రం. వారం సెలవు వస్తే వంటగదిని చివరి చెంచా దాకా ఖాళీ చేస్తాం. నేను చేరినప్పుడు పెద్దావిడ నేర్పిన పద్ధతి. గిన్నెలన్నీ అలమారాల్లోకి, అలమారాలకి తాళం. ఫ్రిజ్‌లు ఖాళీ చేసి, తలుపులకి చెక్కముక్క అడ్డం. గ్యాస్ కట్టేసి బర్నర్లు విప్పి తోమడం. ఓవెన్ల మీద పాత తెల్ల దుప్పట్లు కప్పి తాడుతో కట్టడం. నేల రెండుసార్లు తుడవడం, వెనక్కి వెనక్కి నడుస్తూ తలుపు దగ్గర బయటపడటం. బెరిల్ నా తరవాతి మనిషి, పదహారేళ్లుగా నాతోనే ఉంది. ఓవెన్లకేసి చూసి, అచ్చం ఎవరో పోయినట్టుంది డోరీన్, పువ్వులే తక్కువ, అంది.

ఫిబ్రవరి 19, సోమవారం

పెద్ద ఓవెన్ దుప్పటి మీద పసుపుపచ్చ చీటీ అతికించి ఉంది. మీద 14 అని అంకె. అంతే.

క్లిఫర్డ్ రాయిల్ మా కేర్‌టేకర్. గడప అవతల నిలబడి చెప్పాడు. కౌంటీ పంపిన మనిషి సెలవుల్లో బుధవారం వచ్చాడట. స్కూలంతా కొలిచి ఫొటోలు తీసుకున్నాడట. వంటగదిలో ఐదు నిమిషాలు. మీరేమైనా చెప్పారా అని అడిగాను. తలుపు తీశాను మిసెస్ హెబ్డన్, నా పని తలుపు వరకే, అన్నాడు.

ఆయన లోపలికి రాడు. పదకొండేళ్లయింది. కౌంటీ నుంచి తనిఖీకి వచ్చే రోజు, నేను అప్పుడే తుడిచిన నేల మీద బురద బూట్లతో సింక్ దాకా నడిచొచ్చాడు. కుళాయి కారుతోందని నేనే కబురు పెట్టాను. అయినా, పందుల దొడ్లో పెరిగావా అన్నాను. వంటగది అమ్మాయిలందరి ముందూ అన్నాను. ఆయన నిజంగానే పందులు పెంచే ఇంట్లో పుట్టాడు. కుళాయి బాగుచేసి వెళ్లాడు. ఆ రోజు నుంచి నాకాయన మిస్టర్ రాయిల్, ఆయనకి నేను మిసెస్ హెబ్డన్. మళ్లీ కుళాయి చెడితే బయటి మనిషిని పిలిపిస్తాడు.

అంతకు ముందు గురువారాల్లో రైస్ పుడ్డింగ్ మీద మీగడ, ట్రే అంచుల్లో గోధుమరంగుకి మాడింది, ఆయనది. పిల్లలు దాన్ని తినరు. ఆయన చెంచాతో గీకి తినేవాడు, ట్రే మళ్లీ కడగక్కర్లేదన్నట్టు. ఇప్పుడు ఇంటినుంచి శాండ్‌విచ్ తెచ్చుకుంటాడు.

మార్చి 6

వాన. పదమూడు బకెట్లు. జాగ్రఫీ క్లాసు భోజనాల హాల్లోకి వచ్చింది. మేము ఉల్లిపాయలు వేయిస్తుంటే మాస్టారు నదుల గురించి చెప్పాడు.

మే 9, బుధవారం

కొత్త స్కూలు డ్రాయింగులు హాల్లో పెట్టారు. తొంభై మంది వచ్చారు. ఇన్ని వ్యాన్లు స్కూలు ముందు నేనెప్పుడూ చూడలేదు. టీ, స్కోన్‌లు మావే. డ్రాయింగ్ గీసిన అమ్మాయి మిస్ లోమాక్స్ సిటీ నుంచి వచ్చింది. ముప్ఫై కూడా ఉండవు. బాగున్నచోట పచ్చ చుక్క, బాగాలేనిచోట ఎర్ర చుక్క అతికించమని తలా కొన్ని స్టిక్కర్లు ఇచ్చింది. స్కోన్ రెండోది తీసుకుంటూ, ఏ బేకరీవి అని అడిగింది. డోరీన్ చేసింది, అంది బెరిల్. ఇంట్లో ఎంత ఓపికండీ మీకు, అంది ఆ అమ్మాయి. స్కూలు ఓవెన్‌లోనే చేశానని నేను సరిచేయలేదు. ఏదో గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని.

మా వాళ్లంతా చేతులు వెనక్కి పెట్టుకుని డ్రాయింగుల ముందు నడిచారు, సంతలో పక్కవాడి పొట్టేళ్లని చూసినట్టు. ఏమంటారు అని ఆ అమ్మాయి అడిగితే, పర్లేదు అన్నారు. మా లోయలో పర్లేదు అన్నారంటే అంతకంటే మెచ్చుకోవడం లేదు. ఆలన్ ఎర్ర చుక్కలన్నీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

నేను వంటగది కోసం వెతికాను. కనపడలేదు. నాకు ప్లాన్ చదవడం రాదు కదా అనుకున్నాను. నా వెనక జనం ఆగి ఉన్నారు. ఏమీ అతికించకపోతే మర్యాద కాదని ముందు గుమ్మం మీద ఒక పచ్చ చుక్క పెట్టి పక్కకి జరిగాను. వ్యాఖ్యలు రాసే కాగితంలో, ఏమీ లేవు, థాంక్స్, అని రాశాను.

మే 10

హాల్లో డ్రాయింగులు ఇంకా ఉన్నాయి. బెరిల్‌ని తీసుకెళ్లాను. ఆమె వేలు పెట్టి గది తరవాత గది చదివింది. భోజనాల హాలు పక్కన ఒక చిన్న గడి. వడ్డన గది, పన్నెండు చదరపు మీటర్లు. అందులో ఒక కౌంటర్, ఒక సింక్. పొయ్యి లేదు. ఓవెన్ లేదు.

బెరిల్, హెడ్‌కి చెప్పు, ఇప్పుడే వెళ్లు, అంది. వెళ్లలేదు. నలభై ఏళ్ల తరవాత లోయకి ఒక స్కూలు కట్టిస్తున్నారు. సైన్సు లాబులు, లిఫ్టు, పొడి గోడలు. ఇచ్చేవాళ్ల ముందుకు వెళ్లి నా ఓవెన్ ఏదీ అని ఎలా అడగను?

మే 16

బెరిల్ చెప్పేసింది. నాతో అనకుండా. మంచిదే చేసింది.

మిస్టర్ పికార్డ్ కూర్చోమన్నాడు. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది ఆ డ్రాయింగ్, మిసెస్ హెబ్డన్, వంటగది ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అనుకున్నాను, ఎవరో అడిగే ఉంటారనుకున్నాను, అన్నాడు. ఎనభై ఎనిమిది కాగితాలు వచ్చాయట. అందరూ నాలాగే ఏమీ లేవు, థాంక్స్, అని రాశారట. ఒకరు మాత్రం సైకిళ్ల గురించి అడిగారట.

కౌంటీకి ఫోన్ చేశాడు. వాళ్లు సర్వే కాగితం ఫ్యాక్స్ చేశారు. పద్నాలుగో గది. వంటగది, వాడుకలో లేదు, పరికరాలు కప్పి ఉన్నాయి. కింద ఫొటో. నల్లగా వచ్చింది కానీ దుప్పట్లు తెలిశాయి. తాడు ముడి కూడా తెలిసింది. అది నేను వేసిన ముడి.

మే 17

ముప్ఫై ఒక్క ఏళ్లు. ఒక్క గిన్నె బయట వదిలినా సరిపోయేది.

మే 25, శుక్రవారం

మళ్లీ వారం సెలవు. మళ్లీ శుభ్రం. దుప్పటి చేతిలో పట్టుకుని ఆగిపోయాను. బెరిల్, ఈసారి బోర్డు పెడదామా, లోపల మనుషులు బతికే ఉన్నారని, అంది. ఎవరికీ నవ్వు రాలేదు. కప్పేశాం. ఇంకోలా చేయడం చేతకాదు.

జూన్ 4

కౌంటీ జవాబు వచ్చింది. జూన్ ఆఖరు వరకే డ్రాయింగులు మార్చవచ్చు. మొత్తం స్థలం మాత్రం ఒక్క మీటరు పెరగదు. కొత్త స్కూలుకి భోజనాలు గుట్ట అవతలి పెద్ద వంటశాల నుంచి వ్యాన్‌లో వస్తాయి, పదకొండున్నరకల్లా. వేడి చేసి వడ్డించడానికి ఒక మనిషి చాలు.

మేము నలుగురం. అది ఒకటి. రెండోది, ఆ గుట్ట మీద రోడ్డు. ఫిబ్రవరిలో ఎన్ని రోజులు మూసి ఉందో ఆలన్ డైరీ చూసి చెప్పాడు. తొమ్మిది. ఆ తొమ్మిది రోజులూ ట్రాక్టర్ల మీద పిల్లలు వచ్చారు. మేమూ వచ్చాం. సూప్ కాచి పెట్టాం. వ్యాన్ ఎలా వస్తుంది?

జూన్ 14, గురువారం

మిస్టర్ పికార్డ్ మిస్ లోమాక్స్‌ని భోజనానికి పిలిచాడు. ఏమైనా ప్రత్యేకంగా చేయమంటారా అన్నాను. వద్దు, గురువారం ఏది చేస్తారో అదే, అన్నాడు. పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి ఓవెన్‌లో పెట్టే గొర్రెమాంసం హాట్‌పాట్, ఊరవేసిన ఎర్ర క్యాబేజీ, రైస్ పుడ్డింగ్. మూడువందల పన్నెండు మందికి.

మిస్ లోమాక్స్ ట్రే పట్టుకుని పిల్లలతో వరసలో నిలబడింది. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, మిస్, అంచు బంగాళాదుంపలు అడగండి, నడిమివి మెత్తగా ఉంటాయి, అని సలహా ఇచ్చింది. అంచువి అడిగింది. వేశాను. తినేసి గిన్నె తనే తెచ్చి ఇచ్చింది. ఆ తరవాత గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఆవిరి, ట్రేలు, బెరిల్ గరిట, మోత.

క్షమించండి, నేను ఫొటోలు చూసి గీశాను, స్కూలు నడిచే రోజు ఒక్కసారి రావలసింది, అంది. నేను, తప్పు మీది కాదండీ, దుప్పట్లు నావి, అన్నాను. లేదు, నాదే, అంది. కాదు, నాదే, అన్నాను. ఇలా నాలుగైదుసార్లయింది. బెరిల్ మా మధ్యనుంచి వేడి ట్రే పట్టుకెళుతూ, మీ ఇద్దరూ తేల్చుకునేలోపు స్కూలు కట్టేస్తారు, అంది.

ఆ అమ్మాయి నవ్వింది. ఆ తరవాత అసలు మాట చెప్పింది. యాభై చదరపు మీటర్లు కావాలట. ఎవరో ఒకరు తమది వదులుకుంటే గీస్తానంది. ఊరికే తిని పోయే మనిషి కాదు. ఆమె మేలు మరిచిపోకూడదు.

జూన్ 21

స్టాఫ్ మీటింగ్. యాభై మీటర్లు ఎవరు ఇస్తారని మిస్టర్ పికార్డ్ అడిగాడట. లాబుల్లోంచి తీయడానికి లేదు, రూల్స్ ఉన్నాయి. జిమ్ కౌంటీ లెక్క ప్రకారం ఉంది. సంగీతం టీచరు తన గదిలో సగం ఇస్తానంది, పియానోతో సహా పన్నెండు మీటర్లు. మిగతావాళ్లు కిటికీల్లోంచి బయటికి చూశారట. నాకు కోపం లేదు. వాళ్లూ ఇన్నేళ్లు బకెట్ల మధ్య పాఠాలు చెప్పినవాళ్లే.

గోడ పక్కన కేర్‌టేకర్ కూర్చుని బూట్లకేసి చూసుకుంటున్నాడట. బెరిల్ చెప్పింది.

జూన్ 28, గురువారం

దొరికింది.

మిస్టర్ పికార్డ్ స్వయంగా వంటగదిలోకి వచ్చి చెప్పాడు. యాభై రెండు మీటర్లు. మిస్ లోమాక్స్ రాత్రికి రాత్రి గీసి పంపిందట. రెండు ఓవెన్లు, ఆరు బర్నర్లు, చల్లని గది, వెనక గుమ్మం. ఎవరు ఇచ్చారు అని అడిగాను. ఇచ్చినవారు చెప్పవద్దన్నారు, అన్నాడు. సంగీతం టీచరు అయి ఉంటుందనుకున్నాను. మిగతాది ఎక్కణ్ణించో. సాయంత్రం ఆవిడకి అల్లం కేకు ఇచ్చాను. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. తీసుకుంది.

బంగాళాదుంపలు బెరిల్ పొద్దున్నే ఒలిచేసింది. అయినా ఇంకో బుట్టెడు ఒలిచాను. చేతులకి పని కావాల్సి వచ్చింది.

2008 ఫిబ్రవరి 5

ఆటస్థలంలో ఇనుప స్తంభాలు లేచాయి. మంచులో కూడా పని ఆపలేదు. పనివాళ్లు పదిమందికి సూప్ పంపాను. గిన్నె కడిగి తిరిగి ఇచ్చారు.

2009 జులై 17, శుక్రవారం

పాత వంటగదిలో ఆఖరి భోజనం. చేపా చిప్స్, కస్టర్డ్. శుభ్రం చేశాం. వచ్చే వారం పడగొట్టేదాన్ని రెండుసార్లు తుడవడమేమిటి అంది బెరిల్. అంటూనే తుడిచింది.

మధ్యాహ్నం కొత్త వంటగది తాళాలు ఇచ్చారు. వెనక గుమ్మం తాళంచెవికి కట్టిన అట్టముక్క మీద, కేర్‌టేకర్ వర్క్‌షాప్, అని రాసి ఉంది. తప్పు తాళం ఇచ్చారనుకున్నాను. తిరిగి ఇద్దామని క్లిఫర్డ్ రాయిల్ కోసం వెళ్లాను.

సైకిళ్ల షెడ్డు వెనక ఒక ఇనుప కంటైనర్ ఉంది, ఓడల్లో సరుకు వేసేది. అందులో ఆయన రంపాలు మేకులకి తగిలిస్తున్నాడు. బల్ల, ఇనుము బిగించే వైస్, మేకుల డబ్బాలు, ఇరవై ఆరేళ్ల సామాను. కిటికీ లేదు. నేను గుమ్మం బయటే ఆగాను. మిస్టర్ రాయిల్, ఈ తాళంచెవి మీది, అన్నాను. తీసుకెళ్లి తాళంలో పెట్టి చూడండి మిసెస్ హెబ్డన్, మీదే, అన్నాడు. అట్ట మార్చడం మరిచిపోయినట్టున్నారు.

అప్పటిగ్గాని తెలియలేదు నాకు. యాభై రెండు మీటర్లు. కొత్త స్కూల్లో ఆయనకి గీసిన వర్క్‌షాప్, దాని వెనక సామాన్ల గది. మీటింగ్ అయిన మర్నాడు పొద్దున్నే హెడ్ దగ్గరికి వెళ్లి, నాకు కంటైనర్ చాలు, అన్నాడట. అది ఆ తరవాత మిస్టర్ పికార్డ్‌ని పట్టుకుని అడిగితే ఒప్పుకున్నాడు.

ఎందుకిలా చేశారు అన్నాను. దీని పైకప్పు కారదు, ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి, అన్నాడు. రంపం ఒకటి తీసి తుడిచాడు. ఆ రోజు లోపలికి వచ్చి ఉంటే కొలతలకి వచ్చిన ఆ మనిషికి చెప్పేవాణ్ణి, ఇది నడుస్తున్న వంటగది బాబూ అని, నేను బయట నిలబడ్డాను, అన్నాడు.

నేల తడిగా ఉండింది, అన్నాను. ఏ రోజు గురించి అంటున్నానో ఆయనకి తెలుసు.

ఉండింది, అన్నాడు.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది, అన్నాను.

ఏ మాట, అన్నాడు. మళ్లీ రంపం తగిలించుకోవడంలో పడ్డాడు. తాళంచెవి పట్టుకుని వచ్చేశాను. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 10, గురువారం

కొత్త వంటగదిలో మొదటి రైస్ పుడ్డింగ్. ఓవెన్ ఏదో అడుగుతూ కూస్తుంది, బెరిల్ దానికి జవాబు చెబుతుంది. కిటికీలోంచి గుట్ట కనబడుతుంది, పాతదానిలో గోడ కనబడేది. మొదటి వారంలోనే భోజనానికి ముప్ఫై మంది పిల్లలు అదనంగా వచ్చారు. పొయ్యి ముందు నిలబడ్డప్పుడల్లా ఇది ఎవరి బల్ల ఉండాల్సిన చోటు అని గుర్తొస్తుంది.

పదకొండింటికి ఫ్యాన్ ఆగింది. ఆయనే వచ్చాడు, బయటి మనిషిని పిలవలేదు. గడప దగ్గర ఆగి నేలకేసి చూశాడు, తన బూట్లకేసి చూశాడు. లోపలికి రండి, అన్నాను. పర్లేదు, అన్నాడు. బయటి గోడకి నిచ్చెన వేసి అటునుంచి బాగుచేశాడు. మీగడ గిన్నెలో పెట్టి కౌంటర్ మీద ఉంచాను. శాండ్‌విచ్ తిన్నాను అని కబురు పంపాడు.

అక్టోబరు 23, శుక్రవారం

రేపటి నుంచి వారం సెలవు. గిన్నెలు అలమారాల్లోకి. ఫ్రిజ్‌లకి చెక్కముక్కలు. ఓవెన్లకి దుప్పట్లు, అవే పాతవి. నేల రెండుసార్లు.

నిన్నటి రైస్ పుడ్డింగ్ ట్రే ఒకటి మీగడతో సహా ఉంచి, దాన్ని సింక్ పక్కన వదిలేశాను. పైన ఒక గుడ్డ, పక్కన ఒక చెంచా. బెరిల్ చూసింది. డోరీన్, ఒంట్లో బాగానే ఉందా తల్లీ, అంది. ఎవరైనా వస్తే వంటగది నడుస్తోందని తెలియాలి కదా అన్నాను. ఓహో, అంది.

ఇంటికొచ్చి కూర్చోలేకపోయాను. ముప్ఫై మూడేళ్లలో కడగని ట్రే వదిలి రావడం ఇదే.

అక్టోబరు 24, శనివారం

పొద్దున పదింటికి కడుగుదామని వెళ్లాను. ట్రే కడిగి ఉంది. తుడిచి, తప్పు అరలో బోర్లించి ఉంది.

గడప నుంచి సింక్ దాకా న్యూస్‌పేపర్లు పరిచి ఉన్నాయి, ఒకదాని తరవాత ఒకటి, అడుగుకొకటి చొప్పున. వాటి మీద బూట్ల గుర్తులు.

తీయలేదు. వారం రోజులు అలాగే ఉంటాయి.